బంగారు గుండీలాయనకు పాస్‌పోర్టు

పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. ఒకడికి బస్సులో జేబు కొట్టేస్తారు. ఒకడు లుంగీతో పాటు నానబెట్టి ఉతికేస్తాడు. ఇంకొకడి దాన్ని ఎలుక కొరుక్కుతింటుంది. వాళ్లందరి మీదా నాకు జాలి ఉంది గాని గౌరవం లేదు. ఎందుకంటే నేను పోగొట్టుకోలేదు. పట్టపగలు, పదిమంది చూస్తుండగా, నడుం వంచి, రెండు చేతులతో సమర్పించుకున్నాను. అదీ మన ఊళ్లోనో దుబాయిలోనో కాదు, భూగోళానికి అవతలి పక్క, దక్షిణ అమెరికాలో, మాంటెవిడియో అనే రాజధాని నగరంలో. ఎవరికి సమర్పించానో ఇప్పుడే చెబితే మీరు నవ్వేసి లేచిపోతారు. అందుకని మొదటినుంచీ చెబుతాను, కూర్చోండి.

నేను వడ్రంగిని. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పేరు రాజేశం. ఎనభైల నడుమ దుబాయిలో ఓడలు బాగుచేసే ఒక కంపెనీలో పని చేసేవాణ్ణి. ఇక్కడ మీకు ఆ కాలపు ఆచారం ఒకటి చెప్పాలి. దుబాయిలో మా బోటివాడు విమానం దిగగానే చేసే మొదటి పని పాస్‌పోర్టు ఇచ్చేయడం. మొహం కడుక్కోవడం, మంచినీళ్లు తాగడం, ఇంటికి క్షేమమని కబురు పెట్టడం అన్నీ ఆ తర్వాతే. కంపెనీ మనిషి గేటు దగ్గరే చెయ్యి చాపుకుని నిలబడి ఉంటాడు. గుళ్లో పూజారికి కొబ్బరికాయ ఇచ్చినట్టు ఇచ్చేస్తాం. కొబ్బరికాయకైతే సగం చిప్పైనా వెనక్కి వస్తుంది. దీనికి అదీ రాదు. అది పోయి ఆఫీసులో ఇనుప బీరువాలో కూర్చుంటుంది. మళ్లీ ఇంటికి పోయే సెలవు దొరికితే గాని దాని మొహం చూడం.

ఇలా కొన్నేళ్లు గడిచాక మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. చేతిలో పాస్‌పోర్టు ఉంటే దొంగసొత్తు దాచినట్టు గుండె దడదడలాడుతుంది. ఎవడైనా పెద్దమనిషి కనబడితే చాలు, "తీసుకో సామీ, నాకొద్దు" అని ఇచ్చేయబుద్ధవుతుంది. ఈ జబ్బును గుర్తు పెట్టుకోండి. నా కథంతా దీని చలవే.

ఒకసారి మా డాక్‌లోకి టూరిస్టుల ఓడ ఒకటి మరమ్మతుకు వచ్చింది. ఓడంటే ఓడ కాదు, నీళ్ల మీద తేలే పెళ్లి పందిరి. భోజనాల హాలుకు చెక్క పైకప్పు, గది గదికీ అల్మారాలు. పని సగంలో ఉండగానే ఓడ బయల్దేరే గడువు వచ్చేసింది. అవతల బ్రెజిల్లో టికెట్లు కొనుక్కున్న తెల్లవాళ్లు పెట్టెలు సర్దుకుని కాచుకుని ఉన్నారట. ఇక లాభం లేదని మా ముదీర్, అంటే అక్కడి మేనేజరు, ముగ్గురు పనివాళ్లను ఓడతో పాటే పంపేశాడు, దారిలో పని పూర్తి చేసి విమానంలో వెనక్కి రమ్మన్నాడు. ఆ ముగ్గురిలో ఫోర్‌మన్ ఖాన్ సాబ్ ఒకడు, మన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, కోపం ముందు, బొజ్జ వెనక. రెండోవాడు పెయింటర్ వీర్రాజు, అమలాపురం దగ్గరివాడు. మూడోవాణ్ణి నేను.

వార్త తెలిసిన సాయంత్రం క్యాంపులో నాకు పెళ్లికొడుకు మర్యాదలు జరిగాయి.

"అమెరికా వోతున్నవటనే!" అన్నాడు నా పక్క మంచం మల్లేశం.

"అమెరికా గాదు, దక్షిణ అమెరికా."

"ఏ దిక్కైతేంది? అమెరికానే గదా! మా అత్తగారిల్లు ఊరికి దక్షిణం దిక్కున్నది, అయితే ఊరు గాకుంట వోయిందా? నాకో జీన్ ప్యాంటు పట్కరా."

ఓడ కదిలింది. వీర్రాజు రెయిలింగు పట్టుకుని మీసం దువ్వాడు. "మేం పుట్టిందే గోదారి ఒడ్డునండి. పడవలూ ఓడలూ అంటే మాకు మంచినీళ్లండి" అన్నాడు. ఆ మంచినీళ్లన్నీ ఆఫ్రికా కొస దాటేదాకా బక్కెట్లో వెళ్లగక్కుతూనే ఉన్నాడు పాపం. బ్రెజిల్లో టూరిస్టులు ఎక్కారు. వాళ్ల కంట పడకుండా మేం గోడ పక్కలనుంచి తిరుగుతూ మిగిలిన పని లాగించాం. మాంటెవిడియో వచ్చేసరికి ఆఖరి అల్మారా తలుపు కూడా బిగిసింది.

ఆ పొద్దున ఓడ రేవులో ఆగగానే టూరిస్టులు కెమెరాలు తగిలించుకుని దిగిపోయారు. ఖాన్ సాబ్ మా ఇద్దర్నీ పిలిచి, మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి తాళం తీశాడు.

"పని ఖతం. ఇయ్యాల మీకు ఛుట్టీ. ఓడ ఐదింటికి ఎళ్తది. నాలుగింటికల్లా వాపస్ రావాలె. రేపు అవతలి ఊర్ల దిగి విమానం ఎక్కుతం. మనం ఓడ నౌకర్లం కాదు గదా, అందుకే బయటికి పోతే పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలె అన్నడు పోర్టోడు. లో, అప్నా అప్నా పకడో. జాన్ కన్న ఎక్కువ చూస్కో. ఇది పోయిందంటే విమానం నై, దుబాయ్ నై, నౌక్రీ నై. సంఝే?"

పాస్‌పోర్టు నా చేతిలో పడింది.

నవ్వకండి, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లయిందో దాన్ని ముట్టుకుని! తెరిచి చూస్తే లోపల కొత్త మీసాల కుర్రాడొకడు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. వాడి కింద నా పేరు, మా నాయన పేరు, మా ఊరి పేరు. పక్క పేజీలో దుబాయి వీసా ముద్ర. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ముద్ర మీదే. పొంగిపోయాను. ఆ పొంగు ఎంతోసేపు లేదు లెండి. దీన్ని సాయంత్రం దాకా నేనే మోయాలన్న సంగతి గుర్తొచ్చింది. చొక్కా జేబులో పెడితే వంగినప్పుడు జారుతుందని భయం. ప్యాంటు వెనక జేబులో పెడితే దొంగల భయం. చేతిలో పట్టుకుంటే చెమటకు మా నాయన పేరు కరిగిపోతుందని భయం.

"ఎందుకండీ అంత కంగారు? డ్రాయరు జేబులో పెట్టేసుకోండి" అన్నాడు వీర్రాజు. వాడిది పట్టాపట్టీల డ్రాయరు, లోపల జేబు ఉంటుంది. "మా అమ్మ దగ్గరుండి కుట్టించిందండి. ఏనుగు పట్టుకు లాగినా ఊడదండి."

"ఛీ! సర్కారు కాయితమది. దాని మీద సింహాలున్నయ్. సింహాలను డ్రాయర్ల పెడ్తవా?"

"సింహాలకి మాత్రం భద్రతక్కర్లేదేంటండీ?" అన్నాడు. ఆ మాట విని ఉంటే నాకు ఈ కథ లేదు, మీకు ఈ నవ్వు లేదు.

సరే, ఊళ్లోకి నడిచాం. భుజాన ఒక గుడ్డ సంచి, అందులో టిఫిన్ డబ్బా, డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు. పరాయి దేశంలో ఏం తింటామో ఏమో అని నేనే కట్టుకున్నాను. ఊరు బాగుంది. పాత పాత మేడలు, రోడ్డు వారన చెట్లు, ఎవరికీ తొందర లేదు. ఆడా మగా ప్రతివాళ్ల చంకలో ఒక ఫ్లాస్కు, చేతిలో చిన్న సొరబుర్ర, ఆ బుర్రలో ఇనుప గొట్టం. నడుస్తూ పీలుస్తున్నారు, మాట్లాడుతూ పీలుస్తున్నారు. "ఊరందరికీ ఒకేసారి జొరమొచ్చినట్టుంది, కషాయం తాగుతున్నారండీ" అన్నాడు వీర్రాజు. నేను ఊరు చూడలేదు. పాస్‌పోర్టును ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తూ నడిచాను.

పెద్ద చౌరస్తా ఒకటి వచ్చింది, నడుమ గుర్రం మీద కూర్చున్న సేనాపతి విగ్రహం. దానికి ఎదురుగా అద్దాల తలుపుల మేడ. ఆ తలుపు ముందు నిలబడి ఉన్నాడు ఆయన.

ఏమని చెప్పను! మోకాళ్లు దాటిన నీలం కోటు. రెండు వరసల బంగారు గుండీలు. భుజాల మీద బంగారు కుచ్చులు. టోపీకి బంగారు పట్టీ. చేతులకు తెల్ల గ్లవుజులు. మీసం చూస్తే మా ముదీర్ మీసం దీని ముందు కనుబొమ్మతో సమానం. పెద్ద పెద్ద కార్లు వచ్చి ఆయన ముందే ఆగుతున్నాయి. సూట్లు వేసుకున్నవాళ్లు దిగి ఆయన ముందు ఒక్క క్షణం నిలబడి, ఆయన చెయ్యి ఊపితే గాని లోపలికి పోవడం లేదు. ఒకామె కుక్కను కూడా ఆయనకే అప్పజెప్పింది.

నా జబ్బు తిరగబెట్టింది.

"వీర్రాజూ, గీయిననే."

"ఎవరండీ?"

"ఈ దేశపు పాస్‌పోర్టుల ముదీర్. సూస్తలేవా, ఈయిన సూడనిదే ఒక్కడు లోపలికి వోతలేడు. మనం దొంగల లెక్క తిరుగుతున్నం. ఎవడన్న పట్టుకుంటే?"

"ఆయన అడగలేదు కదండీ!"

"పెద్దోళ్లు అడుగుతరా? మనకు తెల్వదా? దుబాయిల అడిగిండ్రా? చెయ్యి సాపిండ్రు, ఇచ్చినం."

"ఈయన చెయ్యి కూడా చాపలేదండి."

"గ్లవుజులేస్కున్నడు గదా, ఎట్ల సాపుతడు?"

నేను చెప్పులు సరిచేసుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, ఆయన ముందుకు వెళ్లి నడుం వంచి రెండు చేతులతో పాస్‌పోర్టు అందించాను. ఆయన ఒక్క క్షణం నిర్ఘాంతపోయి చూశాడు. తర్వాత ఆయనా నడుం వంచి, రెండు చేతులతో అందుకుని, తలుపు తెరిచి నన్ను లోపలికి నడిపించాడు. దుబాయిలో ఏ ముదీరూ నాకు తలుపు తీయలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

లోపల నున్నటి బల్ల వెనక ఒక అమ్మాయి. బంగారు గుండీలాయన నా పాస్‌పోర్టు ఆమెకిచ్చి ఏదో చెప్పాడు. ఆమె నవ్వి, ఏదో రాసుకుని, ఒక కాగితం నా ముందుకు తోసి కలం ఇచ్చింది. సంతకం పెట్టేశాను. చదవాలి కదా అంటారేమో. దుబాయిలో సంతకం పెట్టమన్న కాగితాన్ని చదవడం మర్యాద కాదండీ, మాకు ఆ అలవాటు లేదు. ఈలోగా ఎర్రటోపీ మనిషొకడు వచ్చి నా భుజాన ఉన్న గుడ్డ సంచి తీసుకుని, దణ్ణం పెట్టినంత పనిచేసి, డబ్బాతో సహా మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి నా చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. దానికి జామకాయంత ఇత్తడి గుండు, గుండు మీద అంకెలు.

బయటికి వచ్చి వీర్రాజుకు చూపించాను.

"టోకెన్ ఇచ్చిండ్రు! సూడు!"

"పాస్‌పోర్టుకి తాళంచెవేంటండీ బాబూ?"

"లాకరు తమ్మీ, లాకరు! నా పాస్‌పోర్టు బీరువాల పెట్టి తాళంచెవి నా చేతుల పెట్టిండ్రు. దుబాయిల మనకెన్నడన్న ఇచ్చిండ్రా? గిదీ మర్యాద తెలిసిన సర్కారంటే!"

"మరి తొక్కు డబ్బా?"

"దాన్ని గూడ భద్రంగ పెట్టిండ్రు. నువ్వు గూడ ఇచ్చెయ్యరాదు, పీడ వోతది."

వీర్రాజు అద్దాల తలుపు వంక, వచ్చేపోయే దొరసానుల వంక చూసి నిట్టూర్చాడు. "ఇద్దుననుకోండి. ఇంతమందిలో డ్రాయరు ఎలా విప్పేదండీ?"

ఆ ఒక్క కారణంగా వాడి పాస్‌పోర్టు బతికిపోయింది. వాడి తల్లి కుట్టించిన డ్రాయరుకు శతకోటి వందనాలు.

ఇక చూడండి నా వైభవం! బరువు దిగిపోయింది. తాళంచెవిని బెల్టుకు తగిలించుకున్నాను. నడుస్తుంటే ఇత్తడి గుండు తొడకు టంగు టంగున తగులుతోంది, గజరాజు గంట లాగా. జంక్షన్లో పోలీసు కనబడితే దాక్కోలేదు, ఎదురెళ్లి గుండు ఎత్తి చూపించాను. అతను సెల్యూట్ కొట్టి, మేం వచ్చిన దిక్కుకే చెయ్యి చూపించాడు. "సూసినవా, ఆఫీసు అందరికి తెలుసు" అని పొంగిపోయాను. మల్లేశం జీన్ ప్యాంటు కోసం ఒక కొట్లో దూరితే, అక్కడి ముసలామె ముందు మా చొక్కాలు చూసి మొహం చిట్లించింది గాని, గుండు చూడగానే కుర్చీ వేసింది. ప్యాంటు పొట్లం కట్టి, గుండు మీది అంకెలు చదివి, తానే పంపిస్తానన్నట్టు చేతులతో సైగ చేసింది. వద్దులే తల్లీ, మేమే మోసుకుంటాం అన్నాం. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేశారు. అచ్చం దుబాయిలో మన డేరా బజారు లాగే, మధ్యాహ్నం నిద్ర. నాకు సొంత ఊళ్లో ఉన్నట్టే ఉంది. సముద్రపు గట్టు మీద కూర్చుని, అరటిపళ్లు కొనుక్కు తిని, నాలుగింటికి దర్జాగా రేవుకు తిరిగొచ్చాం.

ఓడ మెట్ల దగ్గర కాపలావాడు, వాడి పక్కనే గడియారం చూసుకుంటూ ఖాన్ సాబ్.

"పాస్‌పోర్ట్" అన్నాడు కాపలావాడు.

నేను బెల్టు నుంచి తాళంచెవి విప్పి చూపించాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఖాన్ సాబ్‌ను చూశాడు.

"ఏ క్యా హై?" అన్నాడు ఖాన్ సాబ్.

"టోకెన్ సాబ్. పాస్‌పోర్టు ముదీర్ తాన జమ చేసిన. గిది లాకరు చావి."

ఖాన్ సాబ్ ఇత్తడి గుండును అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది, ఆ తర్వాత ఏ రంగూ తేలక ఆగిపోయింది.

"అరే ఉల్లూ! ఏ హోటల్ కీ చావీ హై! నువ్వు హోటల్ల రూమ్ దీస్కున్నవ్!"

"లేదు సాబ్, బంగారు గుండీలాయిన..."

"బంగారు గుండీలోడు దర్వాజా తీసేటోడు రా! చౌకీదార్! నువ్వు చౌకీదార్‌కు పాస్‌పోర్ట్ ఇచ్చి వచ్చినవ్!"

అదండీ సంగతి. ఒక దేశపు రాజధానిలో, తలుపు తీసే మనిషికి, నా జీవితం మొత్తం రెండు చేతులతో ఇచ్చి, బదులుగా ఒక రాత్రికి గది పుచ్చుకుని, ఆ గదిలో మామిడి తొక్కును పడుకోబెట్టి వచ్చాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. నేను ఓడ దిగకముందు ఓడ రాజేశం, దిగినాక బోడి రాజేశం. మా ఆవిడ మొహం, ఇంటి పొయ్యి, వీసా ముద్ర ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందు తిరిగాయి.

"యల్లా! భాగో!" అన్నాడు ఖాన్ సాబ్.

ముగ్గురం పరుగెత్తాం. పొద్దున షికారుగా వచ్చిన రోడ్డు ఇప్పుడు కొండెక్కినట్టుంది. ఖాన్ సాబ్ బొజ్జ పట్టుకుని పరుగెడుతూ నన్నూ, మా వంశాన్నీ, జగిత్యాల తాలూకానూ తిట్టాడు. ఊపిరి అందనప్పుడు మాత్రం ఆగి, "నీకన్న వీర్రాజు బెహతర్" అన్నాడు. వీర్రాజు పరుగెడుతూనే డ్రాయరు తడుముకుని, "మరేనండి" అన్నాడు.

హోటలు తలుపు దగ్గర బంగారు గుండీలాయన నన్ను గుర్తుపట్టి, చిరునవ్వుతో నడుం వంచి తలుపు తీశాడు. లోపల బల్ల వెనక పొద్దుటి అమ్మాయి లేదు. కళ్లద్దాల బట్టతలాయన ఉన్నాడు. ఖాన్ సాబ్ తాళంచెవి బల్ల మీద పెట్టి తన ఇంగ్లీషంతా తీశాడు. "పాస్‌పోర్ట్ గివ్! షిప్ గో! రూమ్ నో స్లీప్!"

బట్టతలాయన అరలోంచి నా పాస్‌పోర్టు తీశాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో మెట్ల మీద నుంచి గదులు సర్దే ఒకామె తెల్లదుప్పటి ఒకటి పరిచి పట్టుకుని దిగింది. దుప్పటి నడుమ ఎర్రటి నూనె మరక, సూర్యబింబమంత! మా డబ్బా మూత వదులు. గదిలో తొక్కు ఒక్కతే ఉన్నా, తీరిగ్గా పక్క మీద పడుకుని మరీ విశ్రాంతి తీసుకుంది. బట్టతలాయన మరక చూశాడు, వాసన చూశాడు, తుమ్మాడు. నా పాస్‌పోర్టు మీద అరచెయ్యి పెట్టి అదిమి పట్టుకున్నాడు.

"ఇక వీడు ఇవ్వడండీ" అన్నాడు వీర్రాజు.

ఖాన్ సాబ్ పెద్దమనిషి తరహాలో గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. జేబులోంచి ఏదో తీసి బల్ల మీద ఠపీమని కొట్టి, "మై జిమ్మేదార్ హూఁ! వీనికి నేను జమానత్!" అని నాకు పూచీ పడ్డాడు. బట్టతలాయనకు ముక్క అర్థం కాలేదు. దూరంగా రేవులో ఓడ కూత వేసింది. మొదటి కూత.

నేను నేల మీద కూలబడ్డాను. "ఖలాస్! కుల్లు ఖలాస్!" అని తల పట్టుకున్నాను. దుబాయిలో గోడ కూలినా, గుండె కూలినా, అంతా అయిపోయిందని మేం అనే అరబ్బీ మాట అదొక్కటే.

తలుపు దగ్గర బంగారు గుండీలాయన గిరుక్కున తిరిగాడు. "ఖలాస్?" అన్నాడు.

ఆయన పేరు ఇలియాస్ అట. వాళ్ల నాయనమ్మ ఎప్పుడో లెబనాన్ నుంచి ఓడలో వచ్చిన మనిషట. ఆయనకు వచ్చిన అరబ్బీ అంతా నాయనమ్మ ఒళ్లో నేర్చుకున్నదే: రా నాయనా, తిను బంగారూ, తాగు కన్నా, పడుకో తండ్రీ. నాకొచ్చిన అరబ్బీ అంతా ముదీర్ నేర్పింది: ఎత్తు, మొయ్యి, తొందరగా, లేదు, పో. ఆ రెండు అరబ్బీలూ కలిసి సంసారం చేయడం ఆ రోజు మాంటెవిడియో చూసింది.

"ఏమైంది కన్నా?" అన్నాడాయన.

"పాస్‌పోర్టు తే! తొందరగా! ఓడ పో!" అన్నాను.

"ఇస్తాం బంగారూ, ఇస్తాం. నువ్వు ఉండడానికే కదా వచ్చింది?"

"లేదు, లేదు! ఉండను!"

"మరి నాకెందుకు ఇచ్చావు తండ్రీ?"

దానికి సరిపడా మాటలు నాకు లేవు. ఆయన గుండీలు చూపించాను, భుజాల కుచ్చులు చూపించాను, చేతులు జోడించి ఒకే మాట అన్నాను. "నువ్వు ముదీర్."

ఇలియాస్ ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. బట్టతలాయన పగలబడి నవ్వాడు. దుప్పటి పట్టుకున్నామె నవ్వింది. సోఫాల్లో దొరలూ దొరసానులూ నవ్వారు. ఇలియాస్ ఒక్కడే నవ్వలేదు. నిటారుగా నిలబడి, టోపీ సరిచేసుకుని, బట్టతలాయనతో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నాకు సైగలతో, నాయనమ్మ మాటలతో చెప్పాడు: ఇన్నేళ్లుగా ఈ తలుపు దగ్గర నాకు పెట్టెలిచ్చారు, గొడుగులిచ్చారు, కుక్కల గొలుసులిచ్చారు. రెండు చేతులతో, నడుం వంచి ఇచ్చినవాడివి నువ్వొక్కడివే. దుప్పటి సంగతి నేను చూసుకుంటాను.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. బట్టతలాయన కళ్లు తుడుచుకుంటూ నా పాస్‌పోర్టు ఇలియాస్‌కిచ్చాడు. ఇలియాస్ దాన్ని గ్లవుజుల రెండు చేతుల్లో పెట్టి, నడుం వంచి నాకిచ్చాడు.

పరుగెత్తబోతుంటే ఆపేశాడు. "తాగు కన్నా" అంటూ తలుపు మూల నుంచి ఫ్లాస్కు తీసి, ఆ కషాయం బుర్ర మా ముందు పెట్టాడు. ఓడ రెండో కూత వేసింది. కాని అరబ్బుల మర్యాద మాకు తెలుసు, ఇచ్చింది తాగకుండా కదిలితే అవమానం. ఒకే గొట్టం, ముగ్గురి నోళ్లు. ఎంగిలని వీర్రాజు గింజుకుంటుంటే ఖాన్ సాబ్ వాడి తల పట్టి వంచాడు. చేదు! వేపచెట్టును ఉడకబెట్టినట్టుంది. ఇక చాలని చెప్పడానికి దుబాయి పద్ధతిలో చేతిలోని బుర్రను ఊపాను. అక్కడ కాఫీ గిన్నె ఊపితే చాలని అర్థం. ఇక్కడ ఊపితే వేడి నీళ్లు ఖాన్ సాబ్ బొజ్జ మీద పడ్డాయి. ఆయన కెవ్వుమని, బల్ల మీద చేతికందింది గుప్పిట పట్టుకుని బయటికి లంఘించాడు. వెనకే మేమూ.

మెట్లు లేపడానికి ఓడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. కాపలావాడు చెయ్యి చాపాడు. "పాస్‌పోర్ట్."

నేను నా పాస్‌పోర్టు గాలిలో జెండాలా ఊపాను. వీర్రాజు స్తంభం చాటుకు పోయి, కాసేపు పెనుగులాడి, వెచ్చగా ఉన్న సింహాలను పట్టుకొచ్చాడు.

"దేఖా? ఇప్పుడు నేర్చుకున్నరా?" అంటూ ఖాన్ సాబ్ జేబులో చెయ్యి పెట్టాడు. ఈ జేబు చూశాడు. ఆ జేబు చూశాడు. లోపలి జేబు కూడా చూశాడు. ఆఖరికి మెల్లగా చెయ్యి బయటికి తీశాడు.

అరచేతిలో ఇత్తడి గుండు, దానికి తాళంచెవి.

ఇందాక జమానత్ అంటూ బల్ల మీద ఠపీమని కొట్టింది ఏమిటో అప్పుడు అర్థమైంది. అడక్కుండానే, చెయ్యి చాపకుండానే, మా ఫోర్‌మన్ తన పాస్‌పోర్టు బట్టతలాయనకు ఇచ్చేసి వచ్చాడు. అలవాటులో పొరపాటు!

నాకే ఉండబట్టలేదు.

"సాబ్, టోకెనా?"

ఆయన నన్ను సముద్రంలోకి తోసేసేవాడే. ఇంతలో రేవులోకి టాక్సీ ఒకటి హారన్ మోగించుకుంటూ దూసుకొచ్చింది. అందులోంచి బంగారు గుండీలు దిగాయి. టోపీ చంకలో, ఒక చేతిలో పాస్‌పోర్టు, ఇంకో చేతిలో తోమి తళతళలాడుతున్న మా తొక్కు డబ్బా. ఇలియాస్ ఆయాసపడుతూ వచ్చి నడుం వంచి ఖాన్ సాబ్‌కు పాస్‌పోర్టు అందించాడు. పాతబస్తీ మొత్తాన్ని గడగడలాడించిన మా ఖాన్ సాబ్, బొజ్జ అడ్డం వస్తున్నా నడుం వంచి, రెండు చేతులతో తాళంచెవి ఆయనకిచ్చాడు. డబ్బా తెరిస్తే నిండా పాలకోవా లాంటి మిఠాయి. ఓడ కదిలాక కూడా ఇలియాస్ గట్టు మీద నిలబడి సెల్యూట్ కొడుతూనే ఉన్నాడు. మేం ముగ్గురం ఆయన కనబడినంతసేపూ తిరిగి సెల్యూట్ కొట్టాం.

"కంపెనీల ఎవ్వనికీ చెప్పొద్దు" అన్నాడు ఖాన్ సాబ్, మిఠాయి నములుతూ. మల్లేశానికి చెప్పలేదు, మా ఆవిడకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పానంటే, మీరు ఎలాగూ నమ్మరన్న ధైర్యం.

దుబాయిలో విమానం దిగాం. గేటు దగ్గర కంపెనీ మనిషి ఎప్పట్లాగే చెయ్యి చాపుకుని ఉన్నాడు. నేనూ ఎప్పట్లాగే పాస్‌పోర్టు ఇచ్చేశాను. కాని ఈసారి నేను నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, చాపే ఉంచాను.

"క్యా హోనా?" అన్నాడు వాడు.

"చావీ" అన్నాను.

"కౌన్సీ చావీ?"

"రూమ్ చావీ. తెల్లదుప్పటి పర్చిన రూమ్. మాంటెవిడియోల ఇచ్చిండ్రు."

వాడు నాకు సముద్రపు ఎండ తగిలిందనుకున్నాడు. నా వెనక ఖాన్ సాబ్ ఉన్నట్టుండి గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు.

ఆ రోజు క్యాంపులో, నా మంచం మీద కూర్చుని, మల్లేశం తన జీన్ ప్యాంటు తొడుక్కుని ఎందుకో తెలియకుండానే సాక్షిగా నిలబడగా, తొక్కు డబ్బా మీద చెయ్యి వేసి ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో, బంగారు గుండీలుండనీ, ఇనుప బీరువా ఉండనీ, తాళంచెవి అడగకుండా ఎవడికీ పాస్‌పోర్టు ఇవ్వను. ఆ ప్రతిజ్ఞను నేను ఒక్కనాడూ తప్పలేదు. దుబాయిలో ఉన్నన్నాళ్లూ, ప్రతిసారీ ముందు తాళంచెవి అడిగి, తర్వాతే ఇచ్చేవాణ్ణి.